జెండా, కట్టడం, కెమెరా: ఉప్పాడ నుంచి రాజమండ్రి దాకా

జెండాను ఫొటో తీయడం, చారిత్రక కట్టడాన్ని ఫొటో తీయడం పైకి రెండు వేరు పనుల్లా కనిపిస్తాయి. ఒకటి రెప్పపాటు కూడా కుదురుగా ఉండని గుడ్డ. రెండోది వందల ఏళ్లుగా చోటు మారని రాయి. అయినా ఈ రెండూ తరచూ ఒకే చట్రంలోకి వచ్చి చేరతాయి. గుడి ముందు ధ్వజస్తంభం ఉంటుంది, కచేరీ ముందు జెండా కర్ర ఉంటుంది, కోట బురుజు మీద పతాకం ఎగురుతుంది. ఏ భవనం మీద ఏ జెండా ఉందన్నదే ఒకప్పుడు ఆ ఊరు ఎవరి ఏలుబడిలో ఉందో చెప్పే గుర్తు.

గోదావరి డెల్టాలో ఈ పనికి తొందర ఎక్కువ. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ దగ్గర సముద్రం ఏటేటా ఊళ్లోకి చొచ్చుకొస్తోంది. తీరం పొడవునా ఉప్పుగాలి ఇనుమునూ సున్నాన్నీ తింటోంది. జెండా గుడ్డ ఎండకు వెలుస్తుంది, గాలికి చిరుగుతుంది. తుపానుకు తాటాకు ఇల్లు, మిద్దె అన్న తేడా లేదు. అందుకని ఇక్కడ తీసిన ఫొటో విలువ అందంలో కొంతే ఉంటుంది. ఏ రోజున, ఏ చోట నిలబడి, ఏ స్థితిలో ఉన్నదాన్ని తీశారో చెప్పగలగడంలోనే మిగతాదంతా ఉంది.

తొలి చిత్రాలు

1839లో ఫ్రాన్సులో డాగెర్ పద్ధతి వెల్లడైన నాటి నుంచీ కెమెరాకు కట్టడాలే మెచ్చిన వస్తువులు. అప్పట్లో ఒక్క చిత్రం పడాలంటే చాలాసేపు వెలుతురు తగలనివ్వాలి. అంతసేపు కదలకుండా నిలబడేవి భవనాలే. జెండా మాత్రం ఆ తొలి పలకల మీద మసకగా, పొగలా మిగిలేది. 1851లో ఫ్రెంచి ప్రభుత్వం ఐదుగురు ఫొటోగ్రాఫర్లను దేశం మీదికి పంపి శిథిలమవుతున్న చర్చిలు, కోటల చిత్రాలు తీయించింది. జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ మేడెన్‌బావర్ 1858లో వెట్జ్‌లార్ చర్చి కొలతలు తీస్తూ పైనుంచి పడబోయి తప్పించుకున్నాడు. గోడ ఎక్కకుండా ఫొటోల నుంచే కొలతలు రాబట్టవచ్చన్న ఆలోచన అతనికి ఆ పనిలోనే వచ్చింది. ఆ ఆలోచన మీదే 1885లో ప్రష్యా ప్రభుత్వం కట్టడాల ఫొటో కొలతలకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది.

తెలుగు నేలకు ఈ చరిత్రలో మొదట్లోనే చోటు దక్కింది. వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరు లిన్నేయస్ ట్రైప్ 1858లో వాటిని తీశాడు. ఆ మరుసటి ఏడాది ఆ రాళ్లలో చాలా భాగం లండనుకు ఓడెక్కింది. వెళ్లే ముందు అవి ఎలా ఉన్నాయో చెప్పే సాక్ష్యం ఆ చిత్రాలే. 19వ శతాబ్దం చివర్లో లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం కొలువులో చేరి, సికిందరాబాదులో స్టూడియో నడుపుతూ, హైదరాబాదు భవనాలను పెద్ద గాజు పలకల మీద తీశాడు. పురావస్తు శాఖ దక్షిణ మండలంలో పనిచేసిన అలెగ్జాండర్ రీ గుళ్లనూ బౌద్ధ స్థలాలనూ కొలతలతో, చిత్రాలతో నమోదు చేశాడు. అచ్చం ఒకే కట్టడమైనా రాజాస్థానం కోసం తీసిన చిత్రం వేరు, సర్వే కోసం తీసింది వేరు. మొదటిదానిలో వైభవం కనిపించాలి, రెండోదానిలో పగులు కూడా కనిపించాలి.

డెల్టా మీద ఎగిరిన జెండాలు

కాకినాడలోని జగన్నాథపురం ఒకప్పుడు డచ్చివారి వర్తక స్థావరం. 1824 ఒప్పందం ప్రకారం 1825లో అది ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. దానికి కొద్ది మైళ్ల దూరంలోని యానాం మాత్రం ఫ్రెంచివారి దగ్గరే ఉండిపోయింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనోద్యమకారులు యానాంలోకి ప్రవేశించారు. ఫ్రెంచి జెండా దిగింది, భారత జెండా ఎగిరింది. చట్టపరమైన అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తయింది. ఇంత చిన్న ప్రాంతంలో ఇన్ని పతాకాలు మారిన చోట పాత ఫొటో చేతికొస్తే మొదట చూడవలసింది జెండా కర్ర పైకొసనే.

జాతీయ జెండా కథ కూడా ఈ తీరానికి దగ్గరిదే. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య 1916లోనే జాతీయ పతాక నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు గాంధీజీకి తన నమూనా అందించారు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. కాంగ్రెసు స్వచ్ఛంద సేవకుల దళమైన హిందుస్తానీ సేవాదళ్ పుట్టింది ఆ సభల్లోనే. 1930లో బందరు కోనేరు సెంటరులో జెండా ఎగరేయడానికి స్తంభం ఎక్కిన తోట నరసయ్య నాయుడు పోలీసుల లాఠీ దెబ్బలకు స్పృహ తప్పేదాకా కర్రను వదలలేదు.

ఈ తేదీలు పాత చిత్రాల వయసు కట్టడానికి పనికొస్తాయి. 1921 నాటి జెండాలో పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు, మీద రాట్నం. 1931లో కాంగ్రెసు ఆమోదించినదానిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్య పట్టీలో రాట్నం. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం చోట 24 ఆకుల అశోక చక్రాన్ని నిలిపింది. చిక్కల్లా నలుపు తెలుపు చిత్రాల్లోనే. పాతకాలపు ఫొటో పలకలకు ఎరుపు రంగు అందదు, నీలం మాత్రం మహా తేలిగ్గా అందుతుంది. అందువల్ల వాటి మీద ఎరుపు నల్లగా, నీలం తెల్లబారి పడేవి. డచ్చి జెండాలోని అడుగు పట్టీ, ఫ్రెంచి జెండాలోని కర్ర పక్క పట్టీ నీలమే కాబట్టి రెండూ దాదాపు తెలుపులో కలిసిపోతాయి. అప్పుడు రంగును కాదు, పట్టీ అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అన్నదాన్ని చూడాలి.

గాలి, ఎండ

జెండా ఫొటోకు గాలి, కట్టడం ఫొటోకు ఎండ ప్రాణం. తీరంలో ఈ రెండూ గడియారం ప్రకారం నడుస్తాయి. పగలు నేల వేడెక్కాక గాలి సముద్రం మీద నుంచి ఊరివైపు వీస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక ఊరి నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. ఈ రెంటికీ మధ్య, పొద్దెక్కే వేళ, కాసేపు గాలి స్తంభించిపోతుంది. అప్పుడు జెండా కర్రకు అతుక్కుని వేలాడుతుంది. ఎండ బాగుందని ఉదయం ఏడింటికే సిద్ధమైనవారికి ఉప్పాడలో గాలి దొరక్కపోవచ్చు. మధ్యాహ్నం తిరిగాక పడవల మీది జెండాలన్నీ పడమటికి, అంటే ఊరి వైపుకు, సాగి నిలబడతాయి.

ఈ రోజువారీ లెక్క మీద రుతువుల లెక్క వచ్చి కూర్చుంటుంది. ఆగస్టు 15 నాటికి నైరుతి రుతుపవనాలు నడుస్తుంటాయి. మబ్బు పట్టిన ఆకాశం, నీడలు లేని మెత్తని వెలుతురు, ఉండుండి విసురు గాలి. జనవరి 26 నాటికి ఈశాన్యపు గాలి, పొలాల మీద మంచు, ఏటవాలు ఎండ. కాకినాడ ప్రాంతంలో ఆగస్టు 15న సూర్యుడు ఆరు గంటలకు కాస్త ముందే ఉదయిస్తాడు, జనవరి 26న ఆరున్నర దాటుతుంది. రెండు పండుగలకూ ఒకే సెట్టింగు పెట్టుకుని వెళ్తే కుదరదు.

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడ తీరానికి అతి చేరువలో వెళ్తుంది. కాబట్టి దేశంలో చాలా చోట్ల లేని సౌకర్యం ఇక్కడుంది: చేతి గడియారం పన్నెండు చూపే వేళకు, కొద్ది నిమిషాల తేడాతో, సూర్యుడు ఆ రోజుకు అందుకునే ఎత్తుకు చేరతాడు. ఊరు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది గనక మే నెల మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ నడుమ రోజుల్లో మాత్రమే గుడి ఉత్తరపు గోడ మీద మధ్యాహ్నపు ఎండ పడుతుంది. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా ఆ గోడకు అసలు ఎండే తగలదు. ఉత్తరపు గోడ శిల్పాలు తీయదలచినవారు క్యాలెండరు చూసుకుని బయల్దేరడం మేలు.

జెండా తీసే పద్ధతి

ఎగిరే గుడ్డను మడతలతో సహా నిలిపి పట్టాలంటే షట్టరు వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకూడదు. గాలి జోరు తెలియాలంటే 30వ వంతుకో అంతకన్నా తక్కువకో దించి, కెమెరాను స్టాండు మీద ఉంచి, గుడ్డను కొంత చెదరనివ్వాలి. గాలి వీచే దిక్కుకు అడ్డంగా, పక్కనుంచి నిలబడితే జెండా పూర్తి నిడివి కనిపిస్తుంది, చక్రంలోని ఆకులు లెక్కకు అందుతాయి. గాలికి ఎదురుగా నిలబడితే కనిపించేది మడతల కుప్పే.

త్రివర్ణ పతాకంలో అసలు పరీక్ష తెల్ల పట్టీ. ఎండలో అది వెలిసిపోతే చక్రం అంచులు కరిగిపోతాయి, కాషాయం పసుపుకు జారుతుంది. వెలుతురును కొంత తగ్గించి తీయడం వాడుక. సూర్యుడు గుడ్డ వెనకనుంటే మూడు రంగులూ లోపలి నుంచి వెలిగినట్లు వస్తాయి, ఖాదీ అయితే నేత పోగులు కూడా తేలతాయి. పాలిస్టరు జెండా ఎండలో మెరుస్తుంది. 2021 డిసెంబరులో పతాక నియమావళిని సవరించి పాలిస్టరు, యంత్రాల మీద చేసిన జెండాలను అనుమతించాక ఈ మెరుపు ఊరూరా ఎదురవుతోంది. 2022 జూలై సవరణతో పౌరులు రాత్రిపూట కూడా జెండా ఎగరేయవచ్చు. దాంతో దీపాల వెలుతురులో జెండా తీయడం కొత్త విద్య అయింది. ఎల్‌ఈడీ దీపాల కింద షట్టరు వేగం మరీ పెరిగితే చిత్రం మీద అడ్డ చారలు పడతాయి.

సెల్‌ఫోన్లకు మరో ఇబ్బంది ఉంది. అవి ఒక ఫొటోకు నాలుగైదు చిత్రాలు తీసి లోపలే కలిపేస్తాయి. కట్టడానికి అది మేలు, కదిలే జెండాకు కీడు. ఒక గుడ్డకు రెండు అంచులు వస్తాయి. ఆ కలిపే సదుపాయాన్ని ఆపేసి, వరసగా పది ఇరవై ఫొటోలు తీసి ఒకటి ఏరుకోవడం నయం.

పెద్ద జెండాలు తీసేటప్పుడు దూరం అవసరం. హైదరాబాదు సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల స్తంభం మీద 108 అడుగుల పొడవున్న పతాకం ఎగిరింది. హుస్సేన్‌సాగర్ గాలికి అది పలుమార్లు చిరిగింది, మార్చవలసి వచ్చింది. కింద నిలబడి తీస్తే అంతటి స్తంభమూ వెనక్కి ఒరిగినట్లు కనిపిస్తుంది. ఎదుటి గట్టు నుంచి టెలిఫొటో లెన్సుతో తీస్తే దాని ఎత్తు తెలుస్తుంది.

కట్టడం తీసే పద్ధతి

ఎత్తయిన గోపురానికి కెమెరా పైకెత్తితే నిలువు గీతలు పైన దగ్గరకు చేరి గోపురం వెనక్కి పడిపోతున్నట్లు వస్తుంది. మందులు మూడు. వీలైనంత దూరం జరగడం, ఎదుటి మేడ ఎక్కి సగం ఎత్తు నుంచి తీయడం, లేదా పైకి జరిపే వీలున్న ప్రత్యేక లెన్సు వాడటం. కంప్యూటరులో కూడా సరిచేయవచ్చు గానీ అంచులు కొంత పోతాయి. సర్వే చిత్రాలకైతే నాలుగు ముఖాలూ ఎదురుగా తీయాలి. పక్కన కొలబద్ద ఉండాలి, రంగుల పట్టీ ఉండాలి.

సామర్లకోట భీమేశ్వరాలయం ఈ విద్య నేర్చుకోవడానికి మంచి బడి. 9వ శతాబ్దం చివర, 10వ శతాబ్దం మొదట పాలించిన చాళుక్య భీముడి పేరు మోసే ఈ గుడికి రెండంతస్తుల గర్భాలయం ఉంది. ప్రాకారం లోపల చోటు విశాలం, వెనక్కి జరగడానికి వీలుంటుంది. ఉదయపు ఏటవాలు ఎండలో రాతి మెట్లు, స్తంభాల అంచులు విడివిడిగా తేలతాయి. బిక్కవోలు గుళ్ల గోడల మీది తూర్పు చాళుక్య శిల్పాలకు పక్కనుంచి రాసుకుంటూ వెళ్లే ఎండ కావాలి. ఫ్లాష్ వేస్తే వాటి లోతు మొత్తం చదునైపోతుంది. ద్రాక్షారామంలో శాసనాలు చెక్కిన రాళ్లకు కూడా ఇదే సూత్రం. అక్షరం నీడలోనే చదవడానికి వస్తుంది.

రాజమండ్రిలో వస్తువు వంతెన. 1900లో పూర్తయి 1997లో రైళ్లు ఆగిన హేవలాక్ వంతెనకు 56 అంకణాలు. దాని దాపునే 1974 నాటి రోడ్డు, రైలు వంతెన ఉంది, 1997 నాటి విల్లు కమానుల వంతెన ఉంది. వందేళ్ల ఇంజనీరింగు ఒక్క ఫ్రేములో పడుతుంది. ఊరు నదికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పుష్కరాల రేవు నుంచి సాయంత్రం తీస్తే వంతెనలు నల్లటి గీతలుగా వస్తాయి. ఇనుము తుప్పు, రాతి స్తంభాల అతుకులు కనిపించాలంటే అదే గట్టు నుంచి ఉదయం తీయాలి. కింద ధవళేశ్వరంలో 1852 నాటి కాటన్ ఆనకట్ట చోటున 1982లో కొత్త బ్యారేజి వచ్చింది. పాతదాన్ని తీయాలనుకునేవారికి ఇప్పుడు పాత చిత్రాలే దిక్కు.

ఉప్పాడ తీరం

చేనేత జమ్దానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ, ఫొటోగ్రాఫర్లకు సముద్రపు కోత వల్ల కూడా తెలిసిన ఊరు. గోదావరి మట్టితో పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె కాకినాడ తీరానికి అడ్డు గోడలా నిలిచింది. ఆ చాటు దాటిన ఉప్పాడ దగ్గర కెరటం నేరుగా కొడుతుంది. కాకినాడ నుంచి వచ్చే బీచి రోడ్డు తుపాన్లకూ పోటుకూ పలుమార్లు తెగింది. ఇసుక నింపిన పెద్ద గొట్టాల గోడ, బండరాళ్ల కట్ట వేసినా కోత ఆగలేదు. ఇళ్లు, గుళ్లు, చెట్లు ఎన్నో నీళ్లపాలయ్యాయి.

ఇలాంటి చోట పనికొచ్చేది ఒకే బిందువు నుంచి మళ్లీ మళ్లీ తీసే ఫొటో. కదలని గుర్తు ఒకటి ఎంచుకోవాలి: కల్వర్టు మూల, నీళ్ల ట్యాంకు మెట్టు, స్తంభం నంబరు. అదే ఎత్తున, అదే లెన్సుతో, పోటు వేళా పాటు వేళా రాసుకుంటూ, తుపాను ముందు ఒకటి, తర్వాత ఒకటి తీయాలి. అమావాస్య, పున్నమి పోట్లకు నీరు ఎక్కువ వస్తుంది గనక ఆ తేదీలు వదలకూడదు. కాకినాడ రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు కూడా రాసుకుంటే ఆ రోజు సముద్రం తీరు తెలుస్తుంది. ఒడ్డున పడవల మీదా, వల జాడ తెలియడానికి తేలుడు కర్రలకు కట్టేవీ చిన్న చిన్న గుడ్డ జెండాలే. అవి గాలి దిక్కును ఉచితంగా చెబుతాయి. మనుషులు ముందుండే చిత్రమైతే పడవ దించుతున్నవారినీ వల బాగుచేస్తున్నవారినీ ఒక మాట అడిగి తీయడం మర్యాద.

ఉప్పు తుంపర లెన్సును పాడు చేస్తుంది. ముందు ఒక ఫిల్టరు అద్దం బిగించడం, ఇంటికి రాగానే మంచినీటి తడి గుడ్డతో కెమెరా ఒళ్లు తుడవడం, ఒడ్డున లెన్సు మార్చకపోవడం ఇక్కడివారి అలవాటు కావాలి.

జరిగిందా, జరిపించారా

భవనం మీద జెండా అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది 1945 మే 2న బెర్లిన్‌లోని రైక్‌స్టాగ్ మీద యెవ్‌గెనీ ఖాల్దేయ్ తీసిన సోవియట్ జెండా చిత్రం. ఆ దృశ్యాన్ని కావాలని ఏర్పాటు చేసి తీశారు. ఒక సైనికుడి చేతికి రెండు గడియారాలుంటే ఒకటి చెరిపేశారు, వెనక పొగ దట్టం చేశారు. మన దగ్గర ఎర్రకోట మీద నెహ్రూ జెండా ఎగరేసింది 1947 ఆగస్టు 16న. హోమై వ్యారావాలా కెమెరా ఆ వేడుకను నమోదు చేసింది. ఈ రోజుకీ చాలామంది ఆ చిత్రాల కింద ఆగస్టు 15 అని రాసేస్తుంటారు. బొమ్మలో మార్పు చేయకపోయినా తప్పు తేదీ ఆ బొమ్మను అబద్ధం చేస్తుంది.

చట్టం ఏమంటుంది

కట్టడాన్ని ఫొటో తీయడం, దాన్ని ప్రచురించడం 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను ప్రకారం ఉల్లంఘన కాదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాలకూ ఇదే వర్తిస్తుంది. ఫొటో మీద హక్కు మాత్రం తీసినవారిది. 2012 సవరణ తర్వాత అది వారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. కేంద్ర పురావస్తు శాఖ 2018 జూలైలో అజంతా, లేహ్ కోట, తాజ్‌మహల్ సమాధి మందిరం తప్ప తన రక్షిత స్థలాలన్నిటా ఫొటోలకు అనుమతించింది. స్టాండు, లైట్లు, సినిమా చిత్రీకరణ అయితే ముందుగా అనుమతి తీసుకోవాలి. పూజలు జరిగే గుళ్లలో గర్భాలయం దగ్గర ఆలయం వారి నియమమే నియమం. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపై మరో 200 మీటర్ల దాకా నియంత్రణ. ఏ గోడ ఎప్పుడు లేచిందో తేల్చడానికి తేదీ ఉన్న ఫొటో అధికారులకు అక్కరకొస్తుంది.

డ్రోనుకు 2021 నియమాలున్నాయి. 250 గ్రాముల లోపు బరువుంటే పైలటు సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, ఎగరేసే చోటు ఏ గగనతల జోనులో ఉందో చూసుకోవాలి. రేవు ఆవరణలో కెమెరాకైనా అనుమతి కావాలి.

జెండాకు 1971 జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం, 2002 పతాక నియమావళి ఉన్నాయి. నిడివి, వెడల్పు 3:2 నిష్పత్తి. నిలువుగా వేలాడదీస్తే కాషాయం చూసేవారి ఎడమ చేతి వైపు ఉండాలి. భవనానికీ విగ్రహానికీ కప్పడం, మీద అక్షరాలు రాయడం, నేలకు తగలనివ్వడం కూడదు. కాబట్టి ఫొటో కోసం ఎవరైనా జెండాను గోడకు చుట్టమని అడిగితే ఒప్పుకోకూడదు. చిరిగిన జెండా ఎగురుతుంటే తీసి నమోదు చేయవచ్చు, దాని బాధ్యులకు చెప్పి దింపించడం అంతకన్నా ముఖ్యం.

దాచుకునే తీరు

ఫొటో ఫైలుకు కనీసం ఆరు వివరాలు జతపడాలి: కట్టడం పేరు, ఊరు, జిల్లా, తేదీ, కెమెరా ఉన్న చోటు, అది చూసిన దిక్కు. జిల్లా పేరు దగ్గర జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్ 4 దాకా తూర్పు గోదావరి అని రాసిన ఉప్పాడ, సామర్లకోట ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉన్నాయి, ద్రాక్షారామం అప్పుడే కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. అసలు ఫైలు ముట్టుకోకుండా ఒక నకలు వేరే ఊళ్లో, ఒకటి ఇంట్లో ఉంచాలి. జెండా గుడ్డే మ్యూజియంలో ఉంటే ఫ్లాష్ వాడకూడదు, వెలుతురుకు రంగు పోతుంది. మద్రాసు సెయింట్ జార్జి కోట మ్యూజియంలో ఉన్న 1947 ఆగస్టు 15 నాటి పట్టు జెండాను మసక వెలుతురులో ఉంచడానికి కారణం ఇదే.

అందరికీ అందేలా పంచుకోవాలనుకునేవారికి వికీమీడియా కామన్స్ ఉంది. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన కట్టడాల ఫొటో పోటీలో 2012లో భారత్ కూడా పాల్గొంది. అక్కడ ఎక్కించిన చిత్రాన్ని తెలుగు వికీపీడియా వ్యాసంలో నేరుగా చేర్చవచ్చు. ఎక్కించేటప్పుడు తీసిన తేదీ, ఎక్కించిన తేదీ వేరు వేరు గళ్లలో ఉంటాయి. తాత ఆల్బంలో దొరికిన యానాం ఫొటోకు స్కాన్ చేసిన రోజును తీసిన రోజుగా వేయకుండా, జెండాను బట్టి 1954కు ముందా తర్వాతా అన్నంత వరకైనా అక్కడ రాయవచ్చు.